ఒక్క తప్పు ఇప్పించండి

మా ఆఫీసులో తప్పులు జరగడం శివరాత్రి నుంచి ఆగిపోయింది. వెటకారం చేస్తున్నాననుకోకండి. ఫ్రేము కట్టించి మరీ ప్రశంసాపత్రం గోడకి తగిలించారు, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. అంతకుముందు అందరిలాగే మాకూ తప్పులుండేవి. శుభ్రంగా నెంబర్లు వేసిన తప్పులు. ఆ నెంబర్లు వేసింది నేనే కాబట్టి వాటి మీద నాకు కాస్త అభిమానం ఉంది.

మాది మంజూరు ఆఫీసు. అసలు పేరు ఉమ్మడి సదుపాయాల మంజూరు సంస్థ, జిల్లా శాఖ. జిల్లాలో ఎవరికి కరెంటు లైను కావాలన్నా, కుళాయి కావాలన్నా దరఖాస్తు మా కంప్యూటరులోంచే వెళ్లాలి. నా పేరు హైమవతి. ఆ కంప్యూటరుకి ప్రోగ్రాం రాసే కాంట్రాక్టు ఉద్యోగిని. పర్మినెంటు వాళ్లు నన్ను కంప్యూటరమ్మాయి అంటారు. తల సగం నెరిసింది, అయినా అలాగే అంటారు.

నేను రాసిన పద్ధతి పాతదే గానీ అందులో మోసం లేదు. దరఖాస్తు ఒక్కో సీటు దగ్గరికీ వెళ్తుంది. పని అయితే ఆ సీటు సున్నా తిప్పి పంపుతుంది. కాకపోతే ఎందుకు కాలేదో చెప్పే నెంబరు పంపుతుంది. దాన్నే ఎర్రర్ కోడ్ అంటాం. పదకొండంటే కొలతలు సరిపోలేదని. పంతొమ్మిదంటే అక్కడ స్తంభం లేదని. ఇరవై ఏడంటే ఆ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో కనెక్షన్ మొయ్యలేదు, కొత్తది వెయ్యాలని. లైన్ ఇన్‌స్పెక్టర్ కామరాజు గారు పొద్దున్నే వచ్చి, నెంబరున్న స్లిప్పులు తీసుకుని, స్టోర్సుకెళ్లి సామాను విడిపించుకునేవారు. స్లిప్పు మీద నెంబరు లేకపోతే స్టోర్సులో మేకు కూడా ఇవ్వరు.

బండి అలా నడుస్తుండగా రాజధానిలో సమీక్ష సమావేశం పెట్టారు. గోడంత తెర మీద ఏ జిల్లాలో ఎన్ని ఎర్రర్లున్నాయో చూపించారట. అందులో మా జిల్లా అందరికన్నా పైనుంది. మిగతా జిల్లాల్లో కంప్యూటర్లు అసలు నడవట్లేదు కాబట్టి వాళ్లకి సున్నా. మా డైరెక్టరు గుణాకరరావు గారిని లేచి నిలబడమన్నారు. నిలబడ్డారు. కూర్చోమనడం ఎవరికీ గుర్తు రాలేదు. భోజనాల వేళ దాకా ఆయన అలాగే నిలబడి ఉన్నారు.

మర్నాడు నన్ను పిలిపించారు.

“ఏమ్మా, మన ప్రోగ్రాంలో ఇన్ని తప్పులెందుకున్నాయి?”

“అవి ప్రోగ్రాంలో తప్పులు కావు సార్. ఊళ్లో ఎక్కడేం లోటుందో ప్రోగ్రాం చెబుతోంది.”

“చెప్పమని దానికెవరు చెప్పారు?”

“నేనే సార్.”

“అయితే మానమని కూడా నువ్వే చెప్పు.”

“ట్రాన్స్‌ఫార్మర్ చాలదనుకోండి సార్. చాలదని ఎవరో ఒకరు చెప్పకపోతే కొత్తది ఎలా వస్తుంది?”

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “అమ్మా, నా సర్వీసులో ఇంతవరకు ఒక్క మెమో లేదు. నిన్న అంతమందిలో కాళ్లు లాగేలా నుంచున్నాను. నన్ను నుంచోబెట్టింది ఎవరనుకున్నావు? నీ ఇరవై ఏడు.”

పక్కనే ఉన్న సూపరింటెండెంటు వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోట్‌ఫైలు భాషలో తప్ప మాట్లాడరు. ఇంట్లో చారు అడిగినా అలాగే అడుగుతారని వాళ్లావిడ ఒకసారి నాతో చెప్పుకుని బాధపడింది.

“తప్పు సంభవించుట వేరు, సంభవించినట్లు నమోదగుట వేరు,” అన్నారాయన. “సంభవించుట దైవాధీనము. నమోదగుట మాత్రము క్రమశిక్షణకు సంబంధించిన విషయము.”

డైరెక్టరు గారు తలూపారు. ఆ వారమే హైదరాబాదు నుంచి సలహాదారుణ్ని పిలిపించారు.

సలహాదారు పేరు నిశాంత్. చక్కటి కుర్రాడు, రంగురంగుల బొమ్మలు తెచ్చాడు. అందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి పునుగులు పంచారు.

“ఎర్రర్ కోడ్ అనేది పాతకాలపు పద్ధతండి,” అని మొదలుపెట్టాడు. “ఇప్పుడంతా ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్. ప్రతి సీటూ ఒక ఆబ్జెక్ట్ అనుకోండి. తన పని తను చూసుకుంటుంది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకి చెప్పక్కర్లేదు.”

“మేం మొదట్నుంచీ అంతే కదండీ,” అన్నాడు ఎస్టిమేట్ల సెక్షనాయన.

“ఇబ్బందొస్తే ఆ ఆబ్జెక్ట్ నెంబరు తిప్పి పంపదు. ఇబ్బందిని పైకి విసురుతుంది. పైనున్నది చేతనైతే పట్టుకుంటుంది, లేకపోతే ఇంకా పైకి విసురుతుంది.”

వీరభద్రం గారు చేతిలో పునుగు ప్లేటులో పెట్టేశారు. “ఇందు నూతనత్వమేమున్నది? నేను ఉద్యోగమున చేరిన నాటి నుండి ఈ కార్యాలయము నడచుచున్నది ఇట్లే గదా.”

“అందుకేనండి, మీకు తొందరగా అర్థమవుతుంది,” అన్నాడు నిశాంత్ సంతోషంగా.

ఆ కుర్రాణ్ని అనవసరంగా ఆడిపోసుకోను. పద్ధతి మంచిదే, నేనూ చదువుకున్నాను. దానికి ఒక్కటే షరతు, పట్టుకున్నవాడు ఏదో ఒకటి చెయ్యాలి. మా వాళ్లకి సరిగ్గా అక్కడే సందేహం వచ్చింది. పట్టుకుంటే ఆ తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది అని అడిగారు.

వీరభద్రం గారు ఆలోచించి తేల్చారు. “పట్టుకొనిన యెడల, సదరు తప్పు పట్టుకొనినవాని స్వాధీనమందున్నట్లు భావించవలెను.”

దాంతో అసిస్టెంటు ఇంజనీరు తను పట్టనన్నాడు. ఎస్టిమేట్ల సెక్షన్ పట్టనంది. స్టోర్సు వాళ్లు తమకసలు చేతులే లేవన్నట్టు కూర్చున్నారు. అందరూ పైకి విసిరేవాళ్లే అయ్యారు. డైరెక్టరు గారికి చెమట పట్టింది.

“ఆఖరికి నా దాకా వస్తే?”

“మీరు పట్టుకోవాలి సార్,” అన్నాడు నిశాంత్. “మీ పైన రాజధాని సర్వరొక్కటే ఉంది. మీరు వదిలేస్తే అది ఆగిపోతుంది.”

“పట్టుకుని ఏం చెయ్యాలి?”

“ఏదో ఒకటి చెయ్యాలండి. అయితే ఏం చెయ్యకపోయినా కంప్యూటరు అభ్యంతరం చెప్పదనుకోండి. పట్టుకున్నట్టు రాసి లోపల ఖాళీగా వదిలేసినా నడుస్తుంది.”

హాల్లో నమిలే చప్పుడు ఆగింది.

“ఖాళీగా వదిలేసినా నడుస్తుందా?” అన్నారు డైరెక్టరు గారు నెమ్మదిగా.

“నడుస్తుందండి. పనైపోయిందనుకుని ముందుకెళ్లిపోతుంది.”

ఆయన మొహంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు. నేను లేచి, “సార్, అలా చేస్తే ఎక్కడేం ఆగిందో ఎవరికీ తెలియదు,” అన్నాను. “కూర్చోమ్మా,” అన్నారు. ఇంకో విడత పునుగులు వచ్చాయి.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. “ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై ఏ స్థాయియందు తప్పు సంభవించిననూ, సదరు తప్పును ఆ స్థాయిలోనే పరిష్కరించుటకు ఎవరునూ సాహసింపరాదు. తక్షణము పైస్థాయికి విసరవలెను. సమస్త తప్పులు డైరెక్టరు వారిచే పట్టుకొనబడి శాంతింపజేయబడును.”

ప్రోగ్రాం మార్చింది నేనే. ఆ రోజు నుంచి ఎవరు ఏ దరఖాస్తు పెట్టుకున్నా ఫోనుకి ఒకటే సందేశం: “అభినందనలు. మీ పని విజయవంతంగా పూర్తయింది.” సున్నా తప్పులున్నందుకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఫ్రేము ఖర్చు మంజూరు చెయ్యమని పెట్టిన దరఖాస్తుకి కూడా అభినందనలే రావడంతో, ఆ ఫ్రేము డైరెక్టరు గారే కొన్నారు.

పంపన నూకరత్నం అప్పుడే వచ్చింది. కాలవగట్టు మీద ఆవిడకి పిండిమర ఉంది. రోడ్డు వెడల్పు చేస్తూ పాత షెడ్డు కొట్టేశారు. కొత్త షెడ్డు వేసుకుని మోటారుకి కరెంటు లైను కోసం దరఖాస్తు పెట్టుకుంది. కౌంటర్లో వాళ్లు, సందేశం పంపింది కంప్యూటరు కాబట్టి కంప్యూటరమ్మాయినే అడగమని నా దగ్గరికి తోలారు.

“అమ్మా, అభినందనలని వచ్చిందండి,” అని ఫోను నా ముందు పెట్టింది. “మా మేనకోడలు చదివింది. కరెంటొచ్చేసిందన్నమాటని మరకి బొట్టెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చేశానండి. మోటారు తిరగలేదు.”

కంప్యూటరులో చూశాను. విజయం అనే ఉంది. మామూలుగా అయితే ఇరవై ఏడు ఉండాల్సిన దరఖాస్తు అది. “మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ చాలదండి, కొత్తది వెయ్యాలి,” అన్నాను.

“మరి అయిపోయిందని పంపారేంటండి?”

ఫిర్యాదు పెట్టమన్నాను.

“ఎక్కడ పెట్టమన్నా పెడతానండి. తొందరగా అవ్వాలమ్మా. ఎండుమిరపకాయలు వచ్చే రోజులు కదండి. ఏడాదికి సరిపడా కారం ఈ ఎండల్లోనే ఆడించుకుంటారు జనం. తొలకరి పడిందంటే మరింకెవరూ రారు. నా ఏడాది తిండి ఈ రెణ్ణెల్లలోనే ఉందండి. ఆయ్.”

ఆవిడ ఫిర్యాదు కిటికీ దగ్గరికెళ్లింది. ఫిర్యాదులో ఎర్రర్ కోడ్ రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆవిడ దగ్గర కోడ్ లేదు కాబట్టి గడి ఖాళీగా వదిలేశారు. గడి ఖాళీగా ఉంటే తీసుకోనని కంప్యూటరు పైకి విసిరింది. డైరెక్టరు గారి సీటు పట్టుకుని శాంతింపజేసింది. నూకరత్నం మెట్లు దిగేలోపే ఫోను మోగింది: “అభినందనలు. మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది.” వెనక్కొచ్చి దాని మీద ఫిర్యాదు పెట్టింది. మళ్లీ అభినందనలు.

“నా పెళ్లికి కూడా ఇంతమంది అభినందించలేదండి,” అంది నాతో.

ఆ సమయానికి కామరాజు గారు వచ్చారు. “స్టోర్సులో ట్రాన్స్‌ఫార్మర్లు దుమ్ము కొట్టుకుని పడున్నాయమ్మా. స్లిప్పు మీద ఇరవై ఏడుంటే గానీ వాడు తాళం తియ్యడు. నీ మిషను చూస్తే ఎప్పుడూ సున్నాయే ఇస్తంది,” అన్నారు.

నూకరత్నం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. విషయం ఆవిడకి చప్పున అందింది.

“అయితే అమ్మా, నాకు ఒక్క తప్పు ఇప్పించండి.”

డైరెక్టరు గారి గదికి తీసుకెళ్లాను. నూకరత్నం చేతులు జోడించి అదే మాట అంది. ఆయన గోడ వైపు చెయ్యి చూపించారు.

“ఈ ఆఫీసులో తప్పులు లేవమ్మా. అనుమానముంటే ఆ పత్రం చదువుకోండి.”

“పత్రం బావుందండి. నాకు పెద్దదేం అక్కర్లేదు బాబూ, చిన్న తప్పు చాలు. ఇరవై ఏడో నెంబరుదట.”

“నేడు ఈమెకు ఒకటి ఇచ్చిన యెడల,” అన్నారు వీరభద్రం గారు, “రేపు ఎల్లరూ వచ్చి అడుగుదురు.”

ఆయన అన్నట్టే అయింది. ఐసు ఫ్యాక్టరీ అతను వచ్చాడు. రొయ్యల చెరువులవాళ్లు వచ్చారు. పాత బస్టాండు దగ్గర సెలూను సత్యం వచ్చాడు. అందరి ఫోన్లలోనూ అభినందనలున్నాయి, ఎవరింట్లోనూ కరెంటు లేదు. తలో తప్పు ఇప్పించమని వరండాలో కూర్చున్నారు. జనం ఎక్కువయ్యేసరికి డైరెక్టరు గారు న్యాయంగా ఉండాలని తప్పుల మంజూరు సంఘం అని ఒకటి వేశారు. అర్హులైన వారికి మాత్రమే తప్పు ఇస్తారు. అర్హత ఏమిటంటే, కరెంటు లేదని రుజువు చూపించాలి. ఆ రుజువు మా కంప్యూటరే ఇవ్వాలి. అన్నీ సరిపోతే కంప్యూటరులో దరఖాస్తు పెట్టుకోవాలి.

మొదటి దరఖాస్తు నూకరత్నానిదే. సంఘం వాళ్లు ఆవిడ చీరకి పిండి అంటలేదని కూడా చూసి, అర్హురాలని సంతకాలు పెట్టారు. మీట నొక్కాను. ఫోను మోగింది. “అభినందనలు. మీకు తప్పు మంజూరైనది. మీ తప్పు నెంబరు: సున్నా.”

ఈ లోపు ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపువాడు శివరాత్రికి ముందటి పాత స్లిప్పులు సంపాదించి అమ్మకం పెట్టాడు. పాత బియ్యానికి కూడా లేనంత గిరాకీ పాత తప్పులకి వచ్చింది. ఇరవై ఏడులు పొద్దున్నే అయిపోయేవి. కుళాయి కావాల్సిన ఒకాయన ఏ నెంబరో తెలియక పంతొమ్మిది కొనుక్కున్నాడు. ఇంటి ముందు స్తంభం పాతి వెళ్లారు. దానికి గేదెను కట్టేసుకుంటున్నాడు. సంగతి తెలిసి వీరభద్రం గారు ఇంకో సర్క్యులర్ తీశారు: ఒకరి తప్పు మరొకరికి చెల్లదు. నూకరత్నం అప్పటికి కొనుక్కున్న ఇరవై ఏడు అలా చిత్తుకాగితమైంది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు కాలవగట్టు మీదుగా వెళ్తూ మర దగ్గర ఆగాను. షెడ్డు ముందు పదిమంది ఆడవాళ్లు మిరపకాయల సంచులతో నిలబడి ఉన్నారు. నూకరత్నం వాళ్లకి మజ్జిగిచ్చి, ఇవాళ వస్తది, రేపొస్తది అని చెబుతోంది. కాసేపు చూసి ఒక్కొక్కళ్లే సంచి ఎత్తుకుని కాలవ అవతల అబ్బులు మరకి వెళ్లిపోయారు.

“వాళ్లననుకుని లాభం లేదండి,” అంది నన్ను చూసి. “ఎండలో ఎంతసేపని నిలబడతారు. ఒకసారి అటు అలవాటు పడితే పై ఏడు కూడా అటే పోతారు. అదే నా భయం.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పొద్దున్న ఆ పక్క మబ్బు పట్టిందమ్మా. చూశారా మీరు?”

చూశాను. నాకు కోపం వచ్చింది. ఒళ్లు మండింది. డైరెక్టరు గారి మీద, ఆ పునుగుల మీద, ఖాళీగా వదిలేసినా నడుస్తుందన్న ఆ కుర్రాడి మీద, రాయమంటే రాసి కూర్చున్న నా మీద. తిన్నగా ఆఫీసుకెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

డైరెక్టరు గారి సీటు అన్ని తప్పులూ పట్టుకుంటుందన్నాను కదా, అది పూర్తిగా నిజం కాదు. మా ఆఫీసు తప్పుల కుటుంబంలో పుట్టినవాటినే పట్టుకుంటుంది. ఆ కుటుంబంతో సంబంధం లేని తప్పు ఒకటి తయారుచేసి విసిరితే దాన్ని గుర్తుపట్టేవాళ్లుండరు. అందరినీ దాటుకుని పైకి పోతుంది. అలాంటిది ఒకటి రాశాను. దానికి నెంబరు పెట్టలేదు. నూకరత్నం అని పేరు పెట్టాను. తెర మీద కనిపించాల్సిన మాట కూడా నేనే రాశాను: “కాలవగట్టు పంపన నూకరత్నం గారి పిండిమరకు కరెంటు లేదు.”

మీట నొక్కాను. అసిస్టెంటు ఇంజనీరు సీటు దాటింది. ఎస్టిమేట్లు దాటింది. డైరెక్టరు గారి సీటు పక్కనుంచి వెళ్లిపోయింది. రాజధాని సర్వరు ఆగింది.

ఆ రోజు అక్కడ మళ్లీ సమీక్ష ఉందని నాకు తెలుసు. గోడంత తెర మీద రాష్ట్రంలోని జిల్లాలన్నీ మాయమై ఆ ఒక్క వాక్యం నిలబడింది. ఆగిన సర్వర్ని మళ్లీ మొదలుపెట్టారు. ఆవిడకి కరెంటు రాలేదు కాబట్టి మళ్లీ అదే వాక్యం వచ్చింది. ఫోను నేరుగా మా డైరెక్టరు గారికొచ్చింది. ఆయన తన గదిలోనే లేచి నిలబడి మాట్లాడారు.

“నూకరత్నం ఎవరు?” అంటూ బయటికొచ్చారు. మొహం తెల్లగా పాలిపోయింది. “ఆ పేరు తెర మీంచి పోవాలి. ఏం చేస్తే పోతుంది?”

“కరెంటిస్తే పోతదండి,” అన్నారు కామరాజు గారు.

అంత తేలిక మార్గం ఉంటుందని ఎవరూ అనుకోలేదు. జీపులు కదిలాయి. స్టోర్సువాడు స్లిప్పు అడగలేదు. నూకరత్నం అనగానే తాళం తీశాడు. పొద్దు వాలేలోపు కాలవగట్టు మీద కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నిలబడింది. నిచ్చెన పట్టుకున్నది వీరభద్రం గారు. స్విచ్చు వేయించింది డైరెక్టరు గారు. మోటారు తిరిగింది. నూకరత్నం ఇంకెవరినీ పట్టించుకోకుండా బస్తా విప్పి మిరపకాయలు పోసేసింది. ఆ ఘాటుకి అక్కడికొచ్చిన ఆఫీసంతా వరసగా తుమ్మింది. రాజధానిలో తెర మీద జిల్లాలు మళ్లీ కనిపించాయి. ఆ రాత్రి ఆవిడ మర చప్పుడు మా వీధి దాకా వినిపించింది. నాకు హాయిగా నిద్రపట్టింది.

ఇదెవరు చేశారని ఒక్కరూ అడగలేదు. అడిగితే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. మళ్లీ సమావేశం పెట్టి, మళ్లీ నిశాంత్‌ని పిలిపించారు.

“ఇలాంటిది ఇంకోసారి రాకూడదు. ఏం చెయ్యాలి?” అన్నారు డైరెక్టరు గారు.

“సింపులండి. ఆ పేరు వస్తే విడిగా పట్టుకుని వెంటనే లైను ఇచ్చేసేలా ఒక్క వాక్యం రాస్తే చాలు.”

“సార్, ఇబ్బంది పేరుతో కాదు,” అన్నాను. “ట్రాన్స్‌ఫార్మర్లతో. అలాంటి వీధులు జిల్లా అంతా ఉన్నాయి.”

“కూర్చోమ్మా.”

సర్క్యులర్ వచ్చింది. “నూకరత్నం అను నామధేయముతో అందు సమస్త దరఖాస్తులను ఎట్టి విచారణయు లేక తక్షణము నెరవేర్చవలెను.” ఆ వాక్యం నేనే రాశాను. మా ప్రోగ్రాం మొత్తం మీద జనానికి నిజంగా ఏదైనా ఇచ్చే వాక్యం అదొక్కటే.

ఊరికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఐసు ఫ్యాక్టరీ నూకరత్నం పేరు మీద దరఖాస్తు పెట్టుకుంది. లైను వచ్చింది. రొయ్యల చెరువులకి వచ్చింది. సెలూను సత్యం నూకరత్నం అని సంతకం పెట్టడం నేర్చుకున్నాడు, అద్దాల చుట్టూ దీపాలు పెట్టించుకున్నాడు. కాలవ అవతల అబ్బులు కూడా మోటారు కాలిపోయి కొత్త లైను కావాల్సొచ్చి, నూకరత్నం దగ్గరికే వచ్చి, పేరు ఒకసారి వాడుకోవచ్చా అని మొహమాటంగా అడిగాడట. “వాడుకో బావా, పేరే కదా,” అందట ఆవిడ. వీరభద్రం గారు తమ ఇంటి కుళాయికి దరఖాస్తు పెట్టారు. అందులో భార్య పేరు నూకరత్నం అని ఉంది. నేను చూడటం చూసి, “ఇది కార్యాలయ ప్రయోజనార్థము మాత్రమే,” అన్నారు.

తరవాతి సమీక్షలో మా జిల్లాకి చప్పట్లు కొట్టారు. తప్పులు సున్నా. పనులన్నీ పూర్తి. ఐసు ఫ్యాక్టరీ, రొయ్యల చెరువులు, సెలూను, పిండిమరలు అన్నీ ఒకే మహిళ పేరున ఉండటం పెద్దవాళ్ల దృష్టికి వచ్చింది. రాష్ట్రంలో ఇంత పెద్ద పారిశ్రామికవేత్త ఉన్నట్టు తమకి ఇన్నాళ్లూ తెలియనందుకు వాళ్లు చింతించారు. ఆవిడకి సన్మానం చెయ్యాలన్నారు. శాలువా కప్పడానికి ఏ నూకరత్నాన్ని తీసుకెళ్లాలో తేలక డైరెక్టరు గారు ఒక ఉప సంఘం వేశారు.

ఆ సంఘం కూర్చున్న రోజే ఈదురుగాలి వచ్చింది. కాలవగట్టు మీద చెట్టుకొమ్మ విరిగి నూకరత్నం షెడ్డుకొచ్చే తీగ మీద పడింది. మర ఆగింది. ఆవిడ పరుగున ఆఫీసుకొచ్చింది. కౌంటర్లో కొత్తగా చేరిన అబ్బాయి ఉన్నాడు.

“పేరు?”

“నూకరత్నం.”

“ఏ నూకరత్నం అండీ?”

“అసలు నూకరత్నాన్ని బాబూ. పిండిమర.”

“అందరూ అసలేనంటన్నారమ్మా. ఆ పేరు మీద చాలామంది అయిపోయారు. ఇవాళ్టి నుంచి నూకరత్నాలు మామూలు లైన్లో రావాలని ఆర్డరొచ్చింది.”

ఆవిడ ఫోను మోగింది. చదివించుకోకుండానే ఆ సందేశమేమిటో ఆవిడకి తెలుసు. నా దగ్గరికొచ్చి కుర్చీలో కూలబడింది. జుట్టు నిండా, చీర నిండా కారం. ఆయాసపడుతోంది.

“గూడెం వాళ్ల బస్తాలన్నీ షెడ్డులోనే ఉన్నాయమ్మా. రేపో ఎల్లుండో వాన పడద్ది. తడిస్తే కాయంతా నల్లబడిపోద్ది. నన్ను నమ్మి వదిలి వెళ్లారండి వాళ్లు.” చేతిలో దరఖాస్తు కాగితం బల్ల మీద పెట్టింది. “నా పేరు మీద పనవ్వదంటన్నారు. ఇప్పుడు నేను ఏ పేరు రాయాలండి?”

లోపల ఉప సంఘం వాళ్లకి టీలు వెళ్తున్నాయి. నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. ఆవిడకి పెన్నిచ్చాను.

“గుణాకరరావు అని రాయండి,” అన్నాను.

నూకరత్నం నా మొహం వంక ఒకసారి చూసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసిచ్చింది. విచారణ లేకుండా నెరవేర్చమన్న ఆ ఒక్క వాక్యంలో ఆ పేరు పెట్టి నేను మీట నొక్కాను. దీపాలు పెట్టే వేళకి మర తిరిగింది.